రెండు గిన్నెల కీమా

విజయరత్నం నాలుక గురించి కంచరపాలెంలో చాలా కథలున్నాయి. సగం అబద్ధాలు. వాటిలో కొన్ని నేను పుట్టించినవే. కూర చుక్క అరచేతిలో వేసుకుని నాకితే చాలు, మేక లేతదో ముదురుదో చెప్పేస్తాడన్నది నిజం. అది ఏ సంతలో కొన్నదో కూడా చెబుతాడన్నది నా కల్పన. జనం రెండోదాన్నే ఎక్కువ నమ్మారు.

నా పేరు శ్రీరామ్మూర్తి. ముక్క ముట్టని ఇంట్లో పుట్టాను. అయినా ఉక్కు ఫ్యాక్టరీ క్యాంటీన్ స్టోర్సులో గుమాస్తాగా ఇరవై ఆరేళ్ళు మాంసం తూచి ఇచ్చాను. దాని రుచి ఎలా ఉంటుందో మాత్రం దేవుడెరుగు. తూయించుకుని పట్టుకెళ్ళేవాడు విజయరత్నం, అక్కడ పెద్ద వంటవాడు. నేను చేరిన వారంలోనే ఒకరోజు సాంబారులో కోడికూర గరిటె పడింది. కంచం ముందు నుంచి లేచి నానా యాగీ చేశాను. నల్లగా, బండలా ఉండే ఆ మనిషి నన్ను పల్లెత్తు మాట అనలేదు. మర్నాటి నుంచి శాకాహారం గిన్నె మూత మీద ఒక నిమ్మకాయ పెట్టడం మొదలుపెట్టాడు. సుద్దతో రాస్తే ఆవిరికి చెరిగిపోతుందట. నిమ్మకాయైతే వడ్డించేవాడు ఎంత తొందరలో ఉన్నా కంటపడుతుందట. రిటైరయ్యేదాకా ఒక్కరోజు కూడా అది పెట్టడం మరవలేదు. ప్రేమను నోటితో చెప్పడం వాడికి చేతకాదు. నేనూ తక్కువ తినలేదు, అన్నేళ్ళూ వాణ్ణి తిడుతూనే గడిపాను.

ఇప్పుడు రైలు పట్టాల పక్క వీధిలో మావి ఎదురెదురు ఇళ్ళు. పొద్దున్న పేపరు వాళ్ళది చదువుతాను, కాఫీ కూడా అక్కడే.

కరోనా రెండో విడతలో విజయరత్నానికీ, వాడి భార్య ప్రేమలీలకూ ఒకేసారి జ్వరం వచ్చింది. ఎలాగో ఇద్దరూ బతికి బట్టకట్టారు. ఆ తర్వాత ఆరు నెలలకు ఒక ఆదివారం పొద్దున్న పేపరు కోసం వెళ్తే గుమ్మంలోనే గ్యాసు వాసన గుప్పుమంది. ప్రేమలీల చర్చికి ముందుగా వెళ్ళిపోయింది. ఈ మహానుభావుడు వంటింటి పక్కనే కుర్చీ వేసుకుని నిశ్చింతగా పేపరు చదువుతున్నాడు. పరుగెత్తి రెగ్యులేటరు కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్లన్నీ విన్నాక తల దించుకుని అసలు సంగతి చెప్పాడు. జ్వరం వచ్చినప్పుడే ముక్కుకు వాసన తెలియడం పోయింది. జ్వరం తగ్గాక కూడా అది తిరిగి రాలేదు. ఉప్పు, పులుపు, కారం నాలుకకు తగులుతున్నాయట. అంతకు మించి ఏమీ తెలియడం లేదట. మటనూ, మీల్ మేకరూ, నానబెట్టిన అట్టముక్కా వాడి నోటికి ఒకటే. ఇంట్లో తెలియకుండా డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాడు. వస్తే రావచ్చు, లేకపోతే లేదు అన్నాడట ఆయన.

"లీలకి సెప్పకు బావ," అన్నాడు. "అది నా కోసమే వండుద్ది. నాకు తెలడం నేదంటే ఇంకెవరి కోసం వండుద్ది?"

మాటిచ్చాను. తప్పని తెలిసే ఇచ్చాను. రోజూ మధ్యాహ్నం ప్రేమలీల కూర వడ్డించి వాడి మొహంలోకి చూస్తుంది. వాడు కళ్ళు మూసుకుని, తల ఊపి, బ్రహ్మాండం అంటాడు. పేపరు తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడల్లా, నాలుగేళ్ళ పాటు ఆ నాటకం చూశాను.

విచిత్రమేమిటంటే వాడి వంట చెడలేదు. ఉల్లిపాయలు వేగే చప్పుడు చెవికి తెలుస్తుంది, నూనె తేలడం కంటికి తెలుస్తుంది, ముక్క ఉడికిందో లేదో వేళ్ళకు తెలుస్తుంది. ఉప్పు ఎలాగూ నాలుకకే తెలుస్తుంది. ఒకసారి పేరొచ్చాక సగం వంట ఆ పేరే చేసిపెడుతుంది. చర్చిలో ఏ విందైనా వంట విజయరత్నానిదే, తిన్నవాళ్ళు మెచ్చుకోవడమూ మామూలే.

వాళ్ళమ్మాయి దీనా ఫుడ్ టెక్నాలజీ చదివి రుషికొండలో ఒక చిన్న కంపెనీలో చేరింది. ఆ కంపెనీ చేసేది మాంసం లేని మాంసం. సోయా, బఠాణీల పొడి, కొబ్బరినూనె, బీట్‌రూట్ రంగు, ఇంకా ఆ పిల్ల చెప్పకూడనివేవో కలిపి అచ్చం మేక కీమాలా తయారుచేస్తారు. మాంసం వద్దనుకున్నవాడికి మాంసంలా ఉండేది ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మాకు పనసపొట్టు లేదా, కందబచ్చలి లేదా? ఒకసారి దీనా బతిమాలితే చెంచాడు నోట్లో పెట్టుకున్నాను. మాంసంలా ఉందో లేదో నాకేం తెలుసు! ఉందేమో అన్న భయానికే గొంతు దిగలేదు.

ప్రతి ఆదివారం దీనా ఒక డబ్బా తెచ్చి, తండ్రి ముందు పెట్టి, నోట్‌బుక్ పట్టుకుని కూర్చునేది. విజయరత్నం నమిలి, ఆలోచించి, తీర్పు చెప్పేవాడు. మొదటిది స్పాంజిలా ఉందన్నాడు. రెండో నెల్లో, మేక కీమాలో అక్కడక్కడ నరం తగిలి పంటికి ఎదురు తిరుగుతుందనీ, ఇది మాత్రం కొత్తకోడలిలా అన్నిటికీ సరే అంటోందనీ అన్నాడు. ఆ పైన, మటన్ తిన్నాక పెదాలు ఒకదానికొకటి అంటుకోవాలన్నాడు. ఆ పిల్ల పోయి కొబ్బరినూనె పాళ్ళు మార్చి, ఇంకేదో కలిపి, పెదాలు అంటుకునేలా చేసుకొచ్చింది. అన్నీ పంటి మాటలు, పెదాల మాటలే. వాసన ఎలా ఉంది డాడీ అని అడిగితే మాత్రం జలుబనో, మీ అమ్మనడుగనో తప్పించుకునేవాడు. దీనాకు అనుమానం రాలేదు. మా కీమా ఇంత బాగా కుదిరిందంటే మా డాడీ నాలుక చలవే అని ఆఫీసులో చెప్పుకునేది. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఇక గంగరాజు సంగతి చెప్పాలి. జాలారిపేట మనిషి, ముప్ఫై ఏళ్ళ కింద మా క్యాంటీనుకు చేపలు వేసేవాడు. ఆ పరిచయం ముదిరి విజయరత్నమూ వాడూ ఒకరినొకరు బావా అని పిలుచుకునే దాకా వచ్చింది. కిందటేడు తుపానుకు ముందు వాడి కొడుకు ఉమామహేష్ వెళ్ళిన బోటు ఇంజను ఆగిపోయి, మూడు రోజులు జాడ తెలియలేదు. ఆ మూడు రోజుల్లో గంగరాజు సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాడు, కొడుకు తిరిగొస్తే వైశాఖంలో జరిగే చందనోత్సవం దాకా నీసు ముట్టనని. మా వైపు నీసు అంటే చేపా, మాంసం, గుడ్డూ అన్నీ. నాలుగో రోజు ఉమా ఒడ్డుకు చేరాడు. చేపల మీద బతికే ఇంట్లో నీసు ముట్టకుండా ఉండడం మాటలు కాదు. అయినా గంగరాజు చారన్నంతో నెలలు నెట్టుకొస్తున్నాడు. ఉమా మళ్ళీ వేటకు వెళ్తూనే ఉన్నాడు. మొక్కులో ఆవగింజంత తప్పు జరిగినా అది సముద్రం మీద కొడుక్కి తగులుతుందని వాడి భయం.

ఫిబ్రవరిలో మా వీధి చివరి చర్చి వార్షికోత్సవం. ఆరాధన అయ్యాక అందరికీ ప్రేమవిందు. గంగరాజూ, వాడి భార్య పోతమ్మా ఇరవై ఏళ్ళుగా తప్పకుండా వస్తారు. విజయరత్నం చేతి బఠాణీ కీమా అంటే గంగరాజుకు ప్రాణం. ఈసారి వచ్చి చారన్నం తినిపోతానన్నాడు. విజయరత్నానికి మనసొప్పలేదు. దీనా చేత మూడు కిలోల కీమా తెప్పించాడు. పొయ్యి కడిగించి, కొత్త గరిటె తీసి, ముందు దాన్ని వండాడు. తర్వాత అదే మసాలాతో, అంతే గిన్నెలో మేక కీమా వండాడు. రంగులో, చిక్కదనంలో రెంటికీ తేడా లేదు. దీనా కీమా ఉన్న గిన్నె మూత మీద అలవాటుగా ఒక నిమ్మకాయ పెట్టి, చొక్కా మార్చుకోవడానికి ఇంటికెళ్ళాడు.

స్త్రీల సమాజం కార్యదర్శి రోజలిన్ గారు రెండేళ్ళ కిందటే ఈ సంఘానికి వచ్చారు. మంచి మనిషి, విశ్వాసంలో నిక్కచ్చి. మూత మీద నిమ్మకాయ చూడగానే ఆవిడ గుండె ఆగినంత పనయింది. దేవుని విందులో దిష్టి నిమ్మకాయా అనుకున్నారు. దాన్ని గోడ అవతలికి విసిరేసి, మూతలు రెండూ సబ్బుతో కడిగించి, చిన్న ప్రార్థన చేసి, గిన్నెలు షామియానా కిందకు మార్పించారు. ఆ తర్వాత, పాపం, అతిథి కదా అని గంగరాజుకు తన చేత్తోనే వడ్డించారు. కూరగాయల కీమా ఇస్తారని విజయరత్నం ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి గంగరాజు మారు మాట్లాడకుండా కలుపుకున్నాడు.

విజయరత్నం తిరిగొచ్చేసరికి గంగరాజు రెండు ముద్దలు తినేశాడు. విజయరత్నం మూతల వైపు చూసి నిమ్మకాయ ఏదని అడిగాడు. రోజలిన్ గారు తాము చేసిన పని ఉత్సాహంగా చెప్పారు. ఏ గిన్నె ఏదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. గంగరాజుకు వేసింది ఎడమ గిన్నెలోంచి. మూడో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. వాడి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

రుచి చూస్తే పోలేదా అన్నారు పాస్టరు మైఖేల్ గారు. రెండూ రుచి చూసి, ఎడమదే మేక అని తేల్చారు. పోతమ్మ రెండూ నోట్లో వేసుకుని కాదు, కుడిదే మేక అంది. అది ఆవిడ నాలుక మాటో, తల్లి మనసు మాటో చెప్పలేను. రోజలిన్ గారికి రెండూ మటన్ లాగే ఉన్నాయి. దీనా ఎడమది తనదంది, మళ్ళీ కుడిదంది, మూడోసారి తిని మాట్లాడటం మానేసింది. తన చేతి సరుకును తనే పోల్చుకోలేనంత బాగా కుదిరిందని సంతోషించాల్సిన పిల్ల ఏడుపు మొహం పెట్టుకుని నిలబడింది. కుళాయిల దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన ప్రేమలీలకు కూడా చెంచా ఇవ్వబోయారు. ఆయనుండగా నా నాలుకెందుకని ఆవిడ వెనక్కి తగ్గింది.

"బావని సెప్పమనండి," అన్నాడు గంగరాజు. "బావ ఏది సెప్తే అదే."

విజయరత్నం ఎడమ గిన్నెలోది నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నీళ్ళు పుక్కిలించి కుడి గిన్నెలోది వేసుకున్నాడు. పంటికి రెంటిలోనూ నరం తగిలింది. పెదాలు రెంటికీ అంటుకున్నాయి. కూతురికి తను నేర్పిన విద్యే తన దారులన్నీ మూసేసింది. నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. ఎడమది దీనాదే, నిశ్చింతగా తిను బావా అంటే గొడవ వదిలిపోతుంది. ఎవరూ ఎదురు చెప్పరు, ఎప్పటికీ ఎవరికీ తెలియదు. నిజం చెప్పొద్దూ, ఆ మాట అనేస్తే బాగుణ్ణని నేను లోపల కోరుకున్నాను.

వాడు చెంచా కింద పెట్టాడు.

"నాకు తెలదు బావ," అన్నాడు. "కరోనా ఒచ్చినకాడ్నుంచీ నాకు వాసన నేదు. నాలుగేళ్ళయింది. ఈ రెండూ నా నోటికి ఒకటే."

దీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆదివారాల జలుబంతా ఇప్పుడు ఆ పిల్లకు అర్థమయి ఉంటుంది. ప్రేమలీల భర్త వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నాకు ముందే తెలుసన్న సంగతి నా మొహం మీదే రాసి ఉన్నట్టుంది, ఆవిడ చదివేసింది. అరవై ఏడేళ్ళొచ్చాక అంత సిగ్గుపడతానని నేననుకోలేదు.

ఆవిడ రెండు స్టీలు పళ్ళేలు తీసుకుని, ఒక్కో గిన్నెలోంచి ఒక్కో చెంచాడు వేసి, పలచగా పరిచి నీడలో పెట్టింది. కూర్చుని పైటకొంగుతో విసరడం మొదలుపెట్టింది. ఏం చేస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు, అడిగే ధైర్యమూ లేదు. గంగరాజు ముద్ద విస్తట్లో వదిలేసి, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పోతమ్మ పెదాలు ఏదో జపిస్తున్నాయి. పావుగంట గడిచింది. కూర పూర్తిగా చల్లారాక ప్రేమలీల పళ్ళేలు రెండూ కుళాయి కిందకు పట్టుకెళ్ళింది. మేమంతా వెనకే వెళ్ళాం. రెంటి మీదా చన్నీళ్ళు వదిలింది. కుడి గిన్నెలోది వేసిన పళ్ళెం మీద కొవ్వు మైనంలా తెల్లగా పేరుకుపోయింది, వేలితో రుద్దినా కదల్లేదు. ఎడమ గిన్నెలోది వేసిన పళ్ళెం ఒక్క తోపుకే శుభ్రపడింది.

"మటన్ గిన్నిలూ, పాప డబ్బాలూ తోమేది నానే," అంది గంగరాజుతో. "మేక కొవ్వు సన్నీళ్ళకి ఒదల్దు. పాపది ఒదిలీసుద్ది. మీరు తిన్నది పాపదే అన్నయ్యా."

గంగరాజు సింహాచలం ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టాడు. పోతమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. రోజలిన్ గారు ప్రేమలీల తడిచేతులు పట్టుకుని క్షమించమన్నారు. గంగరాజు తువ్వాలుతో మొహం తుడుచుకుని విజయరత్నం దగ్గరికొచ్చాడు. కోపమో, జాలో తెలియని గొంతుతో అడిగాడు.

"ఇదే పాపది అని సెప్పీసుంటే అయిపోను కదా బావ. నాను నమ్మీసుందును."

"నమ్మీసుందువనే సెప్పనేదు," అన్నాడు విజయరత్నం. "రేపు ఉమా ఏటకెళ్తాడు. మొక్కు తప్పిందో నేదో తెలకుండా ఎలాగ పంపుతావు?"

గంగరాజు వాడి భుజం పట్టుకుని తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఎడమ గిన్నెలోంచి ఇద్దరికీ వడ్డించమన్నాడు. నేను పెరుగన్నం తిన్నాను. అంత ఉప్పుగా ఎందుకుందా అని చూస్తే కళ్ళు కారుతున్నాయి.

ఆ తర్వాత మూడు రోజులు ప్రేమలీల భర్తతో మాట్లాడలేదు. నాతో అసలే మాట్లాడలేదు. కాఫీ గ్లాసు నా ముందు టప్పున పెట్టి వెళ్ళిపోయేది. పెట్టడం మానలేదు, అదే గొప్ప. విజయరత్నం రిటైరైన రోజు కూడా అంత దిగులుగా లేడు. ఇంక ఇంట్లో ఉప్పుచారు, గంజే గతి బావ అని నాతో గొణిగాడు. అంతకు అంత కావాలి నీకు అని నేను తిట్టాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పేపరు తిరిగివ్వడానికి వెళ్తే ప్రేమలీల వాడికి చేపల పులుసు వడ్డిస్తోంది. పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కు వెళ్ళి వంజరం తెచ్చిందట. రోజూలాగా ఎదురుగా నిలబడి వాడి మొహంలోకి చూడలేదు. తనూ ఒక కంచం తెచ్చుకుని వాడికి ఎదురుగా కూర్చుంది. వాడు తినడం అవకముందే ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మొదటి ముద్ద తను తిని, కాసేపు నోట్లో ఉంచుకుంది.

"మెంతులు ఒక్క పలుకు మాడినాయి," అంది కంచంలోకి చూస్తూ. "సేదు కాదు. గొంతులోకి దిగినాక తెలుస్తంది. కరేపాకు దించే ముందు ఏసినాను. ముందల అదే తగుల్తంది, దాని ఎనకాల సింతపండు."

విజయరత్నం ముద్ద చేత్తో పట్టుకుని విన్నాడు. విని, నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలాడు. తల ఊపలేదు, బ్రహ్మాండం అనలేదు.

"సేప నీసు వాసన కొంచెం మిగిలిపోనాది," అంది ప్రేమలీల. "నాను సరిగ్గా కడగనేదు."

ఇన్నేళ్ళలో ఆవిడ తన కూరకు తనే వంక పెట్టుకోవడం నేను వినలేదు. పేపరు అరుగు మీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను. వాకిలి దాటుతుంటే వెనక నుంచి విజయరత్నం గొంతు వినబడింది.

"ఇంకా సెప్పు."